నా తప్పేమిటి? – పని పోయినవాని ప్రశ్నకు కోర్టులు చెప్పిన జవాబు

మన తాతముత్తాతలు విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుండి, మరికొందరు చిత్తూరు వైపు నుండి ఈ దేశానికి వచ్చిన కథ మనందరికీ తెలిసినదే. వారు ఎక్కిన ఓడలను గురించి, నరికిన అడవులను గురించి, నాటిన రబ్బరు మొక్కలను గురించి పండుగలకు పబ్బాలకు చెప్పుకుంటాము. కాని వారు పనిలోకి ఎలా వచ్చారో చెప్పుకున్నంతగా, పనిలో నుండి ఎలా పంపివేయబడ్డారో చెప్పుకోము. అది అవమానమని దాచుకున్నాము. ఈ వ్యాసంలో ఆ రెండవ కథను చెప్పదలచినాను. ఎందుకంటే ఆ కథకు కోర్టులలో జరిగిన మరొక చరిత్ర ఉన్నది. అది మన పిల్లలకు ఈనాటికీ పనికివచ్చే చరిత్ర.

ఒప్పందపు రోజులలో కూలీకి పని పోతుందనే భయం కంటే పని వదలలేడనే బాధ ఎక్కువ. గడువు తీరకుండా తోట విడిచి వెళ్ళడం నేరం. పట్టుబడితే జైలు. 1910లో మలయాలో కొత్త ఒప్పందాలు నిలిచిపోయినవి. ఆ తరువాత మనవారు ఎక్కువగా కంగాణీల వెంట వచ్చారు. వచ్చినవాడు ఒక నెల నోటీసు ఇచ్చి వెళ్ళిపోవచ్చును. దొర కూడా ఒక నెల నోటీసు ఇచ్చి పంపివేయవచ్చును. కాగితం మీద చూస్తే ఇద్దరూ సమానమే.

నిజానికి సమానం కాదు. కూలీ వెళ్ళిపోతే దొరకు ఒక చెయ్యి తగ్గుతుంది. దొర పంపివేస్తే కూలీకి జీతం ఒక్కటే పోదు. లైనులోని ఇల్లు పోతుంది, పెరటిలోని కూరపాదు పోతుంది, పిల్లల తోట బడి పోతుంది, ఏటేటా తాను చందా ఇచ్చిన గుడి కూడా పోతుంది. ఇంత పోయినా, ఎందుకు పంపుతున్నారో చెప్పవలసిన పని దొరకు లేదు. నోటీసు జీతం ఇస్తే చాలును. ‘నా తప్పేమిటి దొరా?’ అని అడిగితే, అడగడమే తప్పు.

1941లో క్లాంగ్ ప్రాంతపు తోటలలో పెద్ద సమ్మెలు జరిగినవి. అప్పటి కోరికలలో జీతం పెంపు ఉన్నది, పిల్లల చదువు ఉన్నది, ఇంకొకటి కూడా ఉన్నది: దొర ఎదురైతే కూలీ సైకిలు దిగి నిలబడే పద్ధతి పోవాలి. ప్రభుత్వం సైన్యాన్ని దింపినది, నాయకుడైన ఆర్. హెచ్. నాథన్‌ను నిర్బంధించి ఇండియాకు పంపివేసినది. సైకిలు కోరికను చిన్నదని నవ్వవద్దు. సైకిలు మీద నుండే మాట్లాడగలిగినవాడు తరువాత కారణం కూడా అడుగుతాడు.

యుద్ధం తరువాత సంఘాలు లేచినవి. 1954లో తోట కార్మికుల సంఘాలు కలిసి జాతీయ తోట కార్మికుల సంఘమైనవి. 1955లో ఉద్యోగ చట్టం వచ్చినది. దాని 14వ సెక్షన్‌లో రెండు మూడు మాటలు ఉన్నవి. నా ఉద్దేశ్యంలో తోట చరిత్రలో అంతకంటే విలువైన మాటలు తక్కువ. దుష్ప్రవర్తన అనే కారణం మీద పనివానిని నోటీసు లేకుండా తొలగించవచ్చును, హోదా తగ్గించవచ్చును, మరొక శిక్ష వేయవచ్చును. అయితే అది ‘తగిన విచారణ జరిపిన తరువాత’ మాత్రమే. విచారణ కోసం రెండు వారాలకు మించకుండా పనిలో నుండి నిలిపి ఉంచవచ్చును. ఆ రోజులకు సగం జీతానికి తగ్గకుండా ఇవ్వాలి. తప్పు రుజువు కాకపోతే ఆపిన జీతం తిరిగి ఇచ్చివేయాలి.

ఆ విచారణనే మనం డొమెస్టిక్ ఎంక్వయిరీ అంటున్నాము. మొదట సంజాయిషీ కోరే ఉత్తరం వస్తుంది. మలాయి భాషలో సూరత్ తుంజుక్ సెబాబ్. తరువాత ఆరోపణ పత్రం. తరువాత ఒక గదిలో ముగ్గురు నలుగురు కూర్చుంటారు. ఆరోపించినవారు సాక్షులను చూపాలి. పనివాడు వారిని ప్రశ్నించవచ్చును, తన సాక్షులను తెచ్చుకోవచ్చును. ఇంతకు ముందు దొర వరండా ముందు నిలబడి చేతులు కట్టుకున్న మనిషి, ఇప్పుడు బల్లకు ఇటుపక్క కుర్చీలో కూర్చున్నాడు. అయితే కుర్చీ ఇచ్చినంత మాత్రాన మాట విన్నట్లేనా? ఈ ప్రశ్న మీదనే కేసులు నడిచినవి.

మొదటి పెద్ద కేసు తోటది కాదు, పోలీసు శాఖది. సురీందర్ సింగ్ కండా అనే ఇన్స్పెక్టరును ఒక క్రమశిక్షణ ఆరోపణ మీద 1958లో ఉద్యోగం నుండి తొలగించారు. పేరుకు విచారణ జరిగినది. కాని అంతకు ముందే ఒక విచారణ సంఘం కూర్చుని, ఆయనకు చాలా వ్యతిరేకంగా ఒక నివేదిక వ్రాసి ఉన్నది. ఆ నివేదిక విచారణ జరిపే అధికారి చేతికి అందినది. కండా చేతికి అందలేదు. ఆయన కోర్టుకు వెళ్ళినాడు. హైకోర్టులో గెలిచినాడు, అప్పీలు కోర్టులో ఓడినాడు. ఆనాడు మనకు చివరి మెట్టు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్. 1962లో అక్కడ లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పినాడు.

ఆ తీర్పులో రెండు సంగతులు ఉన్నవి. ఒకటి: మెర్దేకా తరువాత తొలగించే అధికారం రాజ్యాంగం ప్రకారం పోలీసు సర్వీసు కమిషన్‌ది; అంతకంటే క్రింది అధికారి తొలగిస్తే అది చెల్లదు. రెండు: తన మాట చెప్పుకునే హక్కు నిజమైన హక్కు కావాలంటే, తన మీద ఏమి చెప్పబడినదో ఆ మనిషికి తెలియాలి. తీర్పు చెప్పేవాడు ఒక పక్షం వెనుక రెండవ పక్షం మాట వినకూడదు. ఆ దాచిన కాగితం వలన నిజంగా నష్టం కలిగినదా అని కోర్టు వెతకనక్కరలేదు. నష్టం కలిగే ప్రమాదం ఉంటే చాలును. తొలగింపు చెల్లదని తేలినది.

ఈ సూత్రం కొత్తది కాదు. బడిలో పిల్లవానిని శిక్షించే ముందు, ఎవరు ఫిర్యాదు చేశారో, ఏమని చేశారో చెప్పి, ‘నీవేమంటావు?’ అని అడగడం ప్రతి ఉపాధ్యాయుడూ నేర్చుకోవలసిన మొదటి పాఠం. అయినా పెద్దలు నడిపే కార్యాలయాలకు ఆ పాఠం చెప్పడానికి కేసు లండన్ దాకా పోవలసి వచ్చినది.

అయితే ఈ హక్కుకు ఒక హద్దు కూడా పడినది. 1976లో నజర్ సింగ్ అనే పోలీసు ఉద్యోగి కేసులో, మాట చెప్పుకునే అవకాశం అంటే తప్పక ఎదురుగా నిలిచి నోటితో చెప్పుకోవడమే కానక్కరలేదని, వ్రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం ఉంటే సరిపోవచ్చునని ప్రీవీ కౌన్సిల్ చెప్పినది. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగికి కలమే నోరు. సంజాయిషీ ఉత్తరాన్ని నాలుగు పంక్తులలో క్షమాపణగా వ్రాసి పంపినవాడు, తన విచారణను తానే ముగించుకున్నట్లు అవుతుంది.

ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగం 135వ అధికరణం ఉన్నది. ప్రైవేటు కంపెనీలలో, తోటలలో, ఫ్యాక్టరీలలో పనిచేసేవారికి దారి ఏది? 1967 నాటి పారిశ్రామిక సంబంధాల చట్టం, 20వ సెక్షన్. సరైన కారణం లేకుండా తనను తొలగించారని పనివాడు అనుకుంటే, పారిశ్రామిక సంబంధాల శాఖకు వ్రాసి, తిరిగి పనిలోకి తీసుకొమ్మని కోరవచ్చును. రాజీ కుదరకపోతే ఆ వివాదం ఇండస్ట్రియల్ కోర్టుకు పోతుంది. ఆ కోర్టు సాంకేతికాలను పట్టుకొని వేలాడకుండా, ధర్మాన్ని, మనస్సాక్షిని, కేసులోని అసలు బలాన్ని చూసి తీర్పు చెప్పాలని చట్టమే చెప్పుచున్నది. పాత పద్ధతిలో దొర ఇచ్చే నెల నోటీసుకు ఎదురుగా ఈ సెక్షన్ నిలబడినది.

నిలబడినదా లేదా అని తేల్చిన తీర్పు 1981లో వచ్చినది. గూన్ క్వీ ఫాయ్ అనే ఉద్యోగికి, జె. అండ్ పి. కోట్స్ అనే కంపెనీకి మధ్య నడిచిన కేసు అది. ఫెడరల్ కోర్టు తరఫున తీర్పు చెప్పినవారు రాజా అజ్లాన్ షా. ఆయనే తరువాత పేరాక్ సుల్తానుగా, దేశానికి రాజుగా ఉన్నారు. ‘మేము బర్తరఫు చేయలేదు, నోటీసు ఇచ్చి ఒప్పందం ముగించినాము’ అనే వాదం ఈ చట్టం ముందు నిలవదని ఆ తీర్పు చెప్పినది. రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదు. పేరు ఏది పెట్టినా, సరైన కారణం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. యజమాని ఒక కారణం చెబితే, ఆ కారణం రుజువైనదా అని కోర్టు చూడాలి. రుజువు కాకపోతే ఆ తొలగింపు అన్యాయమైనదే. యజమాని చెప్పని మరొక కారణాన్ని కోర్టు తానుగా వెతికి పెట్టకూడదు.

ఈ చివరి మాటను మన పాఠకులు మరొకసారి చదవవలెనని కోరుచున్నాను. పాత తోటలో కారణాలు ఎన్నయినా మారేవి. మొదట పాలు తక్కువ తెచ్చినాడంటారు. కాదని చూపితే ఎదురు మాట్లాడినాడంటారు. అదీ కాదంటే మనిషి మంచివాడు కాదంటారు. 1981 తీర్పు ఆ దారి మూసినది. ఏ కారణం చెప్పి పంపినారో ఆ కారణం మీదనే నిలబడాలి. ఒప్పందపు కాలం నుండి లెక్కపెడితే, మన తాతలు అడగలేకపోయిన ‘ఎందుకు?’ అనే ప్రశ్నకు ఈ దేశపు కోర్టు యజమాని చేత జవాబు చెప్పించినది అప్పుడు.

అదే 1981లో మరొక తీర్పు వచ్చినది. అది పనివారికి చేదైనది. ఫుంగ్ కియాంగ్ రబ్బరు కంపెనీ కేసులో, 20వ సెక్షన్ క్రింద వ్రాసుకునే గడువు దాటితే ఇక ఏ కోర్టూ వినజాలదని ఫెడరల్ కోర్టు తేల్చినది. అప్పటి గడువు ఒక నెల. ఇప్పుడు 60 రోజులు. ఈ 60 రోజులు క్యాలెండరు రోజులు; ఆదివారాలు, పండుగలు కూడా లెక్కే. ఎంత న్యాయమైన ఫిర్యాదు అయినా 61వ రోజున వస్తే, తలుపు మూసి ఉంటుంది.

ఇక డొమెస్టిక్ ఎంక్వయిరీ సంగతి. యజమాని అసలు విచారణే జరపకపోతే ఆ తొలగింపు దానంతట అదే చెల్లకుండా పోతుందా? చాలామంది పోతుందనే అనుకుంటారు. కాని 1988లో డ్రీమ్‌లాండ్ కార్పొరేషన్ కేసులో సుప్రీం కోర్టు, 1995లో వాంగ్ యుయెన్ హాక్ కేసులో ఫెడరల్ కోర్టు అలా కాదని చెప్పినవి. విచారణ జరపకపోయినా, లోపంగా జరిపినా, ఇండస్ట్రియల్ కోర్టులో సాక్ష్యాలు మొదటి నుండి వినవచ్చును. అక్కడ తప్పు రుజువైతే తొలగింపు నిలుస్తుంది. ఒక విధంగా ఇది యజమానికి అనుకూలం. మొదట ఒక మనిషి మాట వినకుండా పంపివేసి, రెండేళ్ళకో మూడేళ్ళకో కోర్టులో విన్నామనడం, పస్తున్నవానికి మరునాడు భోజనం పెట్టినట్లే. అయినా ఇంకొక విధంగా చూస్తే పనివానికి కూడా ఇందులో బలం ఉన్నది: కంపెనీ తన గదిలో తన మనుషులతో తేల్చిన తీర్పు చివరి తీర్పు కాదు. బయట మరొక బల్ల ఉన్నది. అక్కడ అన్నీ మళ్ళీ చూపాలి, రుజువు చేయవలసిన భారం కంపెనీదే.

చివరిగా చెప్పవలసిన కేసు ఒక ఉపాధ్యాయునిది. తాన్ టెక్ సెంగ్ ఒక బడిలో సీనియర్ అసిస్టెంటు. బడి డబ్బు విషయంలో నమ్మకద్రోహం చేసినాడని క్రిమినల్ కేసు పెట్టినారు. క్రింది కోర్టు దోషి అన్నది. హైకోర్టు ఆ శిక్షను తీసివేసి, సత్ప్రవర్తన పూచీ మీద విడిచినది. అయినా విద్యా సర్వీసు కమిషన్ ఆయన మాట వినకుండానే ఉద్యోగం నుండి తొలగించినది. 1996లో అప్పీలు కోర్టులో న్యాయమూర్తి గోపాల్ శ్రీరామ్ వ్రాసిన తీర్పులో, రాజ్యాంగం 5వ అధికరణంలోని ‘జీవితం’ అనే మాటకు ఊపిరి ఉండడం ఒక్కటే అర్థం కాదని, జీవనోపాధి కూడా అందులోనిదేనని అన్నారు. శిక్ష కూడా తప్పుకు తగినట్లు ఉండాలన్నారు. తొలగింపు రద్దయి, హోదా తగ్గింపుగా మారినది. భారత సుప్రీం కోర్టు 1985లో బొంబాయి కాలిబాట వాసుల కేసులో జీవనోపాధిని గురించి ఇటువంటి మాటే చెప్పి ఉన్నది. తరువాతి తీర్పులన్నీ ఆ విశాలమైన అర్థాన్ని అంతే విశాలంగా ఒప్పుకోలేదు. అయినా ఆ మాట ఒకసారి తీర్పులోకి ఎక్కినది. పనితో పాటు ఇల్లు, బడి, గుడి పోగొట్టుకున్న మన పెద్దలకు ఆ మాట ఎవరూ నేర్పనక్కరలేదు. జీవనోపాధి పోతే జీవితంలో ఏమి మిగులుతుందో వారు చూచినవారే.

ఇంత చరిత్ర చెప్పి, గెలిస్తే ఏమి వస్తుందో చెప్పకపోతే న్యాయం కాదు. తిరిగి అదే పనిలోకి వెళ్ళేవారు కొద్దిమందే. ఎక్కువగా వచ్చేది డబ్బు. వెనుకటి జీతం ఎంతకాలం కేసు నడిచినా 24 నెలలకు మించకూడదని 2008 నుండి చట్టంలోనే పెట్టినారు. మధ్యలో వేరే పనిచేసి సంపాదించినది అందులో తగ్గించవచ్చును. తన వలన కూడా కొంత తప్పు ఉంటే మరికొంత తగ్గుతుంది. ఒక మేలు మాత్రం జరిగినది. ఇదివరకు రాజీ కుదరని కేసును కోర్టుకు పంపాలా వద్దా అని మంత్రి నిర్ణయించేవారు. 2021 జనవరి 1 నుండి ఆ మెట్టు లేదు. శాఖ డైరెక్టర్ జనరల్ నేరుగా కోర్టుకు పంపుతారు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. తోటలు పోయినవి, మన పిల్లలు ఫ్యాక్టరీలలో, బ్యాంకులలో, ఆస్పత్రులలో, కార్యాలయాలలో ఉన్నారు. కాని తోట నేర్పిన మౌనం ఇంకా మన ఇళ్ళలో ఉన్నది. పిల్లవానికి సంజాయిషీ ఉత్తరం వస్తే తల్లిదండ్రులు మొదట అనే మాట ‘ఎవరికీ చెప్పకు’. రెండవ మాట ‘రాజీనామా ఇచ్చి గౌరవంగా వచ్చెయ్యి’. ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టగానే, పంపినది వారు కాదు, వెళ్ళినది మనము అయిపోతాము. బెదిరించి తీసుకున్న రాజీనామా కూడా తొలగింపే అని కోర్టులు ఒప్పుకుంటాయి. కాని బెదిరించినారని రుజువు చేయవలసిన భారం అప్పుడు మన మీద పడుతుంది. బర్తరఫు ఉత్తరం పట్టుకొని వచ్చినవాని కేసు దానికంటే తేలిక.

కాబట్టి యువతీయువకులకు నా మనవి నాలుగు మాటలు. ఉత్తరం వచ్చిన తేదీ వ్రాసి పెట్టుకోండి. ఆరోపణ ఏమిటో, ఏ రోజు, ఏ సంగతి అని స్పష్టంగా వ్రాసి ఇమ్మని అడగండి. వారి దగ్గర ఉన్న కాగితాలు చూపమనండి. మీ జవాబును వ్రాతలో ఇచ్చి, నకలు దాచుకోండి. పని పోతే 60 రోజులను లెక్కపెట్టి, సంఘాన్ని గాని, శాఖ కార్యాలయాన్ని గాని ఆ లోపలే కలవండి. తప్పు చేసినవారు తప్పు ఒప్పుకోవలసినదే. చట్టం తప్పును కాపాడదు. చేయని తప్పుకు తల వంచనక్కరలేదు, చేసిన తప్పుకు దానిని మించిన శిక్ష పడనక్కరలేదు.

తోట పెద్దలు మన సంఘాలలో ఇంకా కొందరు ఉన్నారు. ఈసారి కలిసినప్పుడు వారిని అడగండి: మీ లైనులో ఎవరిని పంపివేసినారు, ఏ కారణం చెప్పినారు, వారు ఎక్కడికి పోయినారు అని. చాలామందికి ఆ మూడవ ప్రశ్నకు జవాబు తెలియదు. తెలిసినంతవరకు వ్రాసి ఉంచండి. పని పోయినది వారి తప్పు వలననే అని ఇన్నాళ్ళూ అనుకున్నాము. అసలు తప్పు ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు.